బూజు పట్టిన గుడ్డు: చంపింది బూజేనా, చచ్చాకే బూజు పట్టిందా?

పిల్లలన్నీ సముద్రంలోకి వెళ్లిపోయాక తాబేళ్ల హేచరీలో, అంటే సముద్ర తాబేళ్ల గుడ్లను తెచ్చి కంచె లోపల పాతి కాపాడేచోట, గూడు తవ్వుతారు. మోచేయి దాకా ఇసుకలో చెయ్యి పెట్టి, అడుగున మిగిలినవన్నీ తీసి గోనెపట్టా మీద పేరుస్తారు. చించిపారేసిన కాగితాల్లా ముడుచుకుపోయిన ఖాళీ పెంకులు ఒక కుప్ప. పిల్ల బయటికి రాని గుడ్లు ఇంకో కుప్ప. ఈ రెండో కుప్పలో తెల్లగా మిగిలిన గుడ్డు అరుదు. ఒకదాని మీద పచ్చటి నూగు, ఒకదాని మీద నల్లటి చుక్కలు, నాలుగైదు గుడ్లను కలిపి కుట్టినట్టు తెల్లటి దారాల అల్లిక. వాసన సంగతి చెప్పక్కర్లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ల నోట వెంటనే వచ్చే మాట ఒకటే: "అయ్యో, బూజు పట్టి చచ్చిపోయాయి!"

ఒక్కోసారి అది నిజమే. చాలాసార్లు మాత్రం వరస తిరగబడి ఉంటుంది. గుడ్డు ముందు చచ్చింది, బూజు తర్వాత వచ్చింది. హేచరీ నడిపేవాళ్లకీ, ఇంట్లో పెట్టె పెట్టి గెకో బల్లుల గుడ్లు పొదిగించేవాళ్లకీ ఈ తేడా దగ్గరే గందరగోళం. బూజు హంతకుడైతే దాన్ని ఆపాలి. అది శవం మీద వాలిన ఈగ లాంటిదైతే, ఈగను తోలినంత మాత్రాన ఎవరు చంపారో తేలదు.

బూజుకు కావలసినవి

తెలుగులో బూజు అనే మాటకు రెండు అర్థాలు. పండక్కి ముందు చీపురు కట్టి దులిపేది సాలెగూడు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినందుకు నాలుగో రోజుకు పైన తేలేది శిలీంద్రం. మన కథ రెండో బూజుది.

దాని విత్తనాల్లాంటివి, అంటే సిద్ధబీజాలు, గాలిలో, ఇసుకలో, మన చేతుల మీద ఎప్పుడూ ఉంటాయి. అవి రాకుండా చేయడం దాదాపు అసాధ్యం. వచ్చినవి మొలవాలంటే తిండి, తేమ, తగిన వేడి, కదలని గాలి ఉంటే చాలు. ఆవకాయలో ఉప్పు, నూనె ఈ లెక్కను చెడగొడతాయి కాబట్టే జాడీ ఏడాది నిలుస్తుంది. గుడ్డుకు అలా చేయలేం. సరీసృపాల గుడ్లు ఎక్కువగా 28 నుంచి 32 డిగ్రీల మధ్య, తేమగా, కప్పి ఉంచినచోట పొదుగుతాయి. గుడ్డుకు ఏది కావాలో బూజుకూ అదే కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. బూజుకు ఇబ్బంది పెట్టబోతే గుడ్డుకూ ఇబ్బందే.

కోడిగుడ్డు లెక్కలు ఇక్కడ పనికిరావు

పొదుగు అనగానే మనకు గుర్తొచ్చేది కోడిపెట్ట. అది కూర్చుని, రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు తిప్పుతుంది. తాబేలు, పాము, బల్లి, మొసలి గుడ్లకు ఈ తిప్పుడు పనికిరాదు. గుడ్డు పెట్టిన కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపల పిండం పైకి చేరి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు పొర్లితే ఆ అతుకు చిరగొచ్చు, పిండం పచ్చసొన బరువు కింద నలగొచ్చు. సముద్ర తాబేలు గుడ్లను హేచరీకి చేర్చే పని పెట్టిన కొన్ని గంటల్లోపే అయిపోవాలని పట్టుబట్టేది ఇందుకే. ఇంట్లో పొదిగించేవాళ్లు గుడ్డు నెత్తిన పెన్సిల్‌తో చుక్క పెట్టుకునేదీ ఇందుకే.

పెంకు కూడా వేరు. మొసలి గుడ్డుకు గట్టి పెంకు ఉంటుంది. పాములు, చాలా రకాల బల్లులు పెట్టేవి తోలులా మెత్తగా ఉంటాయి. సముద్ర తాబేలు గుడ్డు చూడ్డానికి పింగ్‌పాంగ్ బంతిలా ఉన్నా వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. మెత్తటి పెంకు చుట్టుపక్కల తేమను పీల్చుకుంటుంది, గుడ్డు కాస్త ఉబ్బుతుంది. ఆ పెంకులోని సన్నని రంధ్రాల గుండానే పిండం ఊపిరి పీలుస్తుంది. నీళ్లూ గాలీ దూరే దారి ఉన్నచోట బూజు దారం కూడా దూరగలదు.

అలాగని గుడ్డు చేతులు ముడుచుకు కూర్చోదు. తెల్లసొనలో లైసోజైమ్ లాంటి, సూక్ష్మజీవుల్ని ఎదుర్కొనే ప్రొటీన్లు ఉంటాయి. ప్రాణమున్న పిండం చుట్టూ పొరలు బిగువుగా ఉంటాయి. పిండం చచ్చాక పొరలు సడలుతాయి, సొన చెడుతుంది, లోపలున్నది తిండి అయిపోతుంది. ఒకే గూట్లో ఒక గుడ్డు నిండా పచ్చటి నూగు పట్టి, దాన్ని ఆనుకున్న గుడ్డు శుభ్రంగా పొదిగి పిల్ల రావడం పెంపకందార్లు తరచూ చూసేదే.

ఒక గూటి లెక్క

గోనెపట్టా దగ్గరికి మళ్లీ వద్దాం. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక విడతలో నూరు, నూట ఇరవై గుడ్ల దాకా పెడుతుంది. పిల్లలు రావడానికి వేడిని బట్టి 45 నుంచి 60 రోజులు. లెక్క అర్థం కావడానికి 120 గుడ్ల గూడు ఒకటి అనుకుందాం. ఖాళీ పెంకులు 90, పొదగనివి 30. అంటే పొదుగు శాతం 75. ఆ ముప్పైకి ముప్పై మీదా బూజు ఉంది. పైకి చూసి వదిలేస్తే పుస్తకంలో పడేది "30, బూజు" అనే మాట.

ఇప్పుడు ఒక్కో గుడ్డు చీల్చి చూద్దాం. 14 గుడ్లలో పిండం ఆనవాలే లేదు. ఇవి ఫలదీకరణ జరగనివి కావచ్చు, లేదా కంటికి కనిపించనంత తొలి దశలో ఆగిపోయినవి కావచ్చు. ఉత్త కంటితో ఈ రెంటినీ విడదీయలేం. ఎలా చూసినా వీటిని చంపింది బూజని చెప్పడం కష్టం. ఇంకో 8 గుడ్లలో నెత్తురు చార, పప్పుగింజంత పిండం. అంటే మొదటి రోజుల్లోనే ఆగిపోయాయి. ఇక్కడ నా అనుమానం ముందు గుడ్లు మోసుకొచ్చిన బకెట్ మీదకు పోతుంది. గుడ్లు తేవడం ఆలస్యమైందా, ఇసుకలో బండి కుదుపులకు పొర్లాయా అని. 2 గుడ్లలో సగం ఎదిగిన పిండం. చివరి 6 గుడ్లలో డిప్పతో సహా దాదాపు పూర్తయిన పిల్లలు.

తీర్పు తేలనిది ఈ ఆరింటి దగ్గర. పిల్లకు ఆక్సిజన్ ఎక్కువ కావలసింది చివరి వారాల్లోనే. ఆలస్యంగా పెట్టిన గూడైతే అప్పటికి ఏప్రిల్, మే ఎండలు. ఇసుక లోపల 33, 34 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే వేడే చంపుతుంది. మరోవైపు, ముందే చచ్చిన ఆ 22 గుడ్లు నెలకు పైగా పక్కనే కుళ్లుతూ ఆక్సిజన్ తాగేస్తూ ఉన్నాయి. వాటి మీది బూజు దారాలు ఈ ఆరింటిని చుట్టి ఉండొచ్చు. కాబట్టి ముప్పైలో బూజు మీద నేరం మోపడానికి ఆస్కారమున్నవి మహా అయితే ఆరు, కాస్త ఉదారంగా ఎనిమిది. అదీ అనుమానమే, రుజువు కాదు.

రుజువైన హంతకుడు: ఫ్యుసేరియం

అనుమానం రుజువు కావాలంటే ఏం చేయాలో జర్మన్ సూక్ష్మజీవి శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే చెప్పాడు. రోగం ఉన్నచోట ఆ సూక్ష్మజీవి దొరకాలి. దాన్ని విడిగా పెంచగలగాలి. ఆరోగ్యంగా ఉన్నదానికి అంటిస్తే అదే రోగం రావాలి. అందులోంచి అదే జీవి మళ్లీ బయటపడాలి. స్పెయిన్ పరిశోధకులు ఆఫ్రికాకు పడమరనున్న కేప్ వెర్డే దీవుల్లో, బోవా విస్టా తీరంలో, లాగర్‌హెడ్ తాబేలు గుడ్ల మీద ఈ పరీక్ష పూర్తిచేసి 2010లో ఫలితం ప్రకటించారు. దోషి ఫ్యుసేరియం సొలాని వర్గపు బూజు. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనం అదే వర్గంలోని రెండు జాతుల్ని, ఫ్యుసేరియం ఫాల్సిఫార్మె, ఫ్యుసేరియం కెరటోప్లాస్టికమ్ అనేవాటిని, అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్ర తీరాల తాబేలు గూళ్లలో చూపించింది. ఈ జబ్బుకు సీ టర్టిల్ ఎగ్ ఫ్యుసేరియోసిస్ అని పేరుపెట్టారు. పెంకు మీద పసుపు, నీలి, ఎర్ర చాయల మచ్చలుగా మొదలై, ఆ మచ్చ కింద కణజాలం చచ్చిపోతుంది.

ఫ్యుసేరియం మనకు చుట్టమే. కంది చేను నిలువునా వాడిపోయే ఎండు తెగులు ఈ కుటుంబానిదే. శనగలో ఎండు తెగులూ అంతే. పొలం పనిలో ఆకు కోసుకుని కంట్లో పుండు పడ్డ రైతుల నల్లగుడ్డు మీద దక్షిణ భారతంలో వైద్యులకు తరచూ దొరికే బూజుల్లో ఇదొకటి. మట్టిలో ఎప్పుడూ ఉండేదే. మరి అన్ని గూళ్లూ ఎందుకు పాడవవు? 2014 అధ్యయనంలో ఒక ఆధారం ఉంది. అలల నీరు ముంచే గూళ్లు, బంకమట్టి కలిసిన ఇసుకలోని గూళ్లు ఎక్కువగా దీని బారిన పడ్డాయి. అంటే నీరు నిలిచి ఊపిరాడని గుడ్డు దీనికి సులువుగా లొంగుతుంది. బూజు ఒంటరిగా హత్య చేయదు, తోడు ఉంటుంది.

తూర్పు ఆస్ట్రేలియాలో గూళ్లు పరిశీలించినవాళ్లు చూసింది ఈ కథలో మరో ముక్క. బూజు ముందు చచ్చిన గుడ్డు మీద స్థిరపడుతుంది, అక్కడ బలం పుంజుకుని, దారాలు చాచి బతికున్న పక్క గుడ్డును పట్టుకుంటుంది. మొదటి గుడ్డు విషయంలో అది శవం మీది ఈగ. రెండో గుడ్డు విషయంలో అదే హంతకుడు. "చచ్చాక వచ్చింది" అనేవాళ్లూ, "చంపింది" అనేవాళ్లూ ఒకే గూటిని చూసి వాదించుకోగలగడానికి కారణం ఇదే.

బీచ్ కాదు, కంచె కిక్కిరిస్తోంది

కోస్టారికాలో ఒస్తియొనాల్ అనే తీరం ఉంది. ఆలివ్ రిడ్లేలు అక్కడికి మందలు మందలుగా వస్తాయి. ఈ రాకను అరిబాద అంటారు. తర్వాత వచ్చిన తాబేలు ముందటి దాని గూడు తవ్వేస్తుంది, గుడ్లు పగులుతాయి, ఇసుక సొనతో నానుతుంది. ఏళ్ల తరబడి అలా కుళ్లిన తీరంలో పొదుగు శాతం చాలా తక్కువ. ఇసుకలో సూక్ష్మజీవుల భారం తగ్గిస్తే ఎక్కువ పిల్లలు వస్తాయని అక్కడి ప్రయోగాలు చూపాయి. అరిబాద తొలి గంటల్లో పెట్టిన గుడ్లను ఊరివాళ్లు ఏరుకోవడానికి 1980ల నుంచి చట్టబద్ధంగా అనుమతి ఉంది. ఎలాగూ తవ్వుడుపోయి కుళ్లే గుడ్లని ఒక వాదన, అంతరించే ప్రమాదమున్న జీవి గుడ్లు అమ్మడమేమిటని ఇంకో వాదన. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

మనకు దగ్గర్లో అరిబాద చూడాలంటే శ్రీకాకుళం దాటి ఒడిశాలోని రుషికుల్యకు వెళ్లాలి. 2025 ఫిబ్రవరిలో అక్కడికి దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ఆంధ్ర తీరంలో అలా కాదు. ఇక్కడ తాబేళ్లు విడివిడిగా, రాత్రికి ఒకటి అరా వచ్చి ఎక్కడో పెట్టి పోతాయి. కుక్కలు, నక్కలు, అడవి పందులు, కోతకు గురవుతున్న ఒడ్డు, రోడ్డు దీపాలు ఉండగా ఆ గూడు నిలవదన్న భయంతో గుడ్లు తెచ్చి కంచె లోపల పాతిపెడతారు. ప్రకృతి దూరదూరంగా పెట్టినదాన్ని మనం దగ్గరికి తెస్తున్నాం.

ఎంత దగ్గరికన్నది లెక్కేద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు కంచె. గూటికీ గూటికీ మీటరు ఎడం పాటిస్తే సుమారు 100 గూళ్లు పడతాయి. స్థలం చాలక అర మీటరుకు తగ్గిస్తే 400. గూటికి 120 గుడ్లయితే మొదటిదానిలో 12,000, రెండోదానిలో 48,000. నూటికి ఇరవై పొదగలేదనుకుంటే కుళ్లే గుడ్లు 2,400, 9,600. గుడ్డు సుమారు 30 గ్రాములు. మొదటి కంచెలో 72 కిలోలు, రెండోదానిలో 288 కిలోలు. అదే నేలలో దాదాపు మూడు క్వింటాళ్ల కుళ్లు! వచ్చే ఏడాదీ అక్కడే పాతితే బూజుకు పోయినేటి పంట విత్తనంగా సిద్ధంగా ఉంటుంది. భారత తీరాల హేచరీ మార్గదర్శకాలు మీటరు ఎడం పెట్టమనడానికీ, ఏటా చోటు గానీ ఇసుక గానీ మార్చమనడానికీ, పిల్లలు వెళ్లగానే మిగిలినవి తీసి దూరంగా పాతమనడానికీ వెనక ఉన్నది ఈ అంకగణితమే. కంది రైతు ఎండు తెగులు పడ్డ చేలో పంట మార్చడం కూడా ఇలాంటిదే.

పెట్టెలో పొదిగించేవాళ్ల గొడవ వేరు

ఇసుకలో పాతిన గూటిని మధ్యలో తెరిచి చూడలేం. ప్లాస్టిక్ డబ్బాలో పొదిగించేవాళ్లు రోజూ చూడగలరు. అదే వాళ్ల అదృష్టం, అదే వాళ్ల బాధ. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు ఇళ్లలో కూడా పిల్లల ముచ్చట కోసం లెపర్డ్ గెకో, బేర్డెడ్ డ్రాగన్ అనే బల్లుల్ని పెంచుతున్నారు. అనుకోకుండా గుడ్లు పెట్టాయంటే హడావుడి మొదలు.

వీళ్లు వాడేది ఎక్కువగా వర్మిక్యులైట్ లేదా పెర్లైట్, అంటే తేమ పట్టి ఉంచే ఖనిజపు గుళికలు. ఇవి కొబ్బరి పొట్టులా కుళ్లవు కాబట్టి బూజుకు తిండి కావు. నీళ్లు బరువుతో కొలుస్తారు. 200 గ్రాముల వర్మిక్యులైట్‌కు 200 గ్రాముల నీళ్లు, సమానానికి సమానం అన్నమాట. మూతతో సహా డబ్బాను తూచి రాసుకుంటే, రెండు వారాలకు 20 గ్రాములు తగ్గితే పోయింది 20 మిల్లీలీటర్ల నీరని తెలిసిపోతుంది. ఆ నీటిని పక్కల నుంచి పోస్తే ఒక కథ, గుడ్డు మీద చల్లితే ఇంకో కథ. మూతకు పట్టిన చెమట బొట్లు బొట్లుగా గుడ్డు నెత్తిన పడుతుంటే బూజు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పిండం అతుక్కుని ఉండేదీ అక్కడే.

ఇక బూజు కనిపించింది. ఏం చేయాలన్నది మూడు రకాలుగా చెబుతారు. చెడ్డ గుడ్డును వెంటనే తీసెయ్యమనేది ఒకటి. తూర్పు ఆస్ట్రేలియా పరిశీలన దీనికి బలం. కానీ గుడ్డు చచ్చిందని ఎలా తెలుసు? చీకట్లో టార్చి ఆనించి చూస్తే ప్రాణమున్న గుడ్డులో ఎర్రటి నరాల అల్లిక కనిపిస్తుంది, చచ్చినదానిలో పసుపు మసక. మొసలి గుడ్డయితే పిండం ఎదుగుతున్నకొద్దీ నడుము చుట్టూ తెల్లని పట్టీ ఏర్పడుతుంది. సొట్ట పడటం మాత్రం నమ్మదగ్గ గుర్తు కాదు, పిల్ల వచ్చే ముందు ఆరోగ్యమైన గుడ్డూ సొట్ట పడొచ్చు. వాసన కొట్టేదాకా పారేయకూడదని పాత పెంపకందార్లు అనేది అందుకే. కొండచిలువ గుడ్లయితే ఇంకో చిక్కు. అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉంటాయి. చెడ్డదాన్ని పీకితే పక్కదాని పెంకు చిరుగుతుంది. అలాంటప్పుడు వదిలేయడమే మేలని చాలామంది మాట.

పొడి దూదిపుల్లతో తుడిచి, మూత తెరిచి గాలాడనివ్వమనేది రెండో మాట. గుడ్డు పొర్లకుండా చేస్తే దీనికి పెద్ద అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువ. మూడోది మందు. కాలివేళ్ల మధ్య ఒరుపుకు వాడే టోల్నాఫ్టేట్ పొడిని గుడ్డు మీద చల్లే అలవాటు పెంపకందార్లలో చాలాకాలంగా ఉంది. పనిచేసిందనేవాళ్లు చాలామందే. అయితే వాళ్లు పొడి చల్లడంతో పాటు గుడ్డు తుడిచారు, మూత తెరిచారు, తేమ తగ్గించారు. ఇన్నిట్లో ఏది పనిచేసిందో ఎలా విడదీస్తాం? పైగా ఆ గుడ్డు బతికున్నదైతే ఏమీ చల్లకపోయినా బతికేదేమో. బ్లీచ్, వెనిగర్ లాంటివి మాత్రం రాయకూడదని చెప్పడానికి నాకు అంత తటపటాయింపు లేదు. నీళ్లు పీల్చే పెంకు వాటినీ పీలుస్తుంది.

హేచరీలో మందుల మాట వస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఇసుకలో చల్లిన మందు చెడ్డ బూజునే ఏరి చంపదు. ఫ్యుసేరియంతో తిండికి పోటీపడే మిగతా సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. రైతులు విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజును పట్టించేది ఆ పోటీని వాడుకోవడానికే కదా.

ఎవరు ముట్టుకోవచ్చు

ఇదంతా చదివి ఒడ్డున దొరికిన గుడ్లు ఇంటికి తెచ్చుకుంటే నేరం. సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవులు, వాటి గుడ్లకూ అదే రక్షణ. రాయలసీమ పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలుదీ అదే సంగతి, అదృష్టం కలిసొస్తుందని ఇళ్లలో దాచుకునేవాళ్లు ఎందరున్నా సరే. బాల్ పైథాన్ అనే కొండచిలువ లాంటి విదేశీ జీవుల్ని పెంచేవాళ్లకు 2022 సవరణ నమోదు తప్పనిసరి చేసింది. గుడ్లు పొదిగి పిల్లలు వస్తే ఆ సంగతీ తెలియజేయాలి.

పుస్తకంలో ఒక గడి

హేచరీ రిజిస్టర్లో గూడు నంబరు, గుడ్లు పెట్టిన తేదీ, పాతిన తేదీ, పిల్లల సంఖ్య, పొదగనివి అని గడులుంటాయి. పొదగనివాటి పక్కన "బూజు" అని ఒక్క ముక్క రాస్తే, వచ్చే ఏడాది ఆ పుటలు తిరగేసేవాళ్లకు ఏమీ తెలియదు. దాని బదులు నాలుగు అంకెలు చాలు: పిండం లేనివి 14, తొలి దశ 8, నడి దశ 2, చివరి దశ 6. గూడు తర్వాత గూడు తొలి దశ అంకె పెరుగుతుంటే చూడాల్సింది గుడ్లు మోసుకొచ్చే తీరు. ఏప్రిల్ గూళ్లలోనే చివరి దశ పెరిగితే పైన నీడకు పందిరి వేయాలి. కంచెలో ఒక మూల గూళ్లలోనే పెరిగి, పెంకుల మీద రంగు మచ్చలు కూడా ఉంటే, అప్పుడు ఆ మూల ఇసుక గుప్పెడు, గుడ్డు ఒకటి తీసి ప్రయోగశాలకు పంపాలి.